చేతి ఆటయంత్రం – పాత ఫర్మ్‌వేర్‌ను నవీకరించే విధానం

తెలుగు బోధించే ఉపన్యాసకుడు ఆటయంత్రాన్ని గురించి వ్యాసం వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. ఈ సంచికకు నేను మామూలుగా వ్రాసేది కావ్యాలను గురించి, శాసనభాషను గురించి. కాని గత సంవత్సరం ఒకనాడు ఛందస్సు పాఠం ముగిసిన పిమ్మట బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు వరండాలో నన్ను ఆపి, గుడ్డలో చుట్టిన ఒక వస్తువును సంచిలోనుండి బయటికి తీసినాడు. కువైట్‌లో డ్రైవరుగా పనిచేసిన వాళ్ళ అబ్బా చాలా ఏండ్ల క్రిందట తెచ్చిన పి.ఎస్.పి. అది.

“సార్, దీనిలోని ఫర్మ్‌వేర్ బాగా పాతదట. కొత్తది ఎక్కిద్దామంటే యంత్రమే చచ్చిపోతుందని మా స్నేహితులు భయపెడుతున్నారు. మీకు దీని సంగతి తెలుసునని విన్నాను” అన్నాడు.

“కార్డులో ఏమేమి ఉన్నవి?” అని అడిగినాను.

“ఆటలు సార్” అని, కొంచెం ఆగి, “మా అబ్బా ఫోటోలు కూడ. ఆయన పోయి మూడేండ్లయింది” అన్నాడు.

ఆనాడు ఆ యంత్రాన్ని నేను ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో, తరువాత ఎట్లు ముట్టుకొన్నానో చెప్పడమే ఈ వ్యాసం. ఇటువంటి పాత యంత్రాలు గల్ఫు నుండి వచ్చిన పెట్టెలలో మన ప్రాంతపు ఇండ్లలో ఇంకను ఉన్నవి కనుక, ఇది ఇతర విద్యార్థులకు కూడ పనికివస్తుందని తలుస్తాను.

మొదట ఫర్మ్‌వేర్ అనగా ఏమో చూడవలె. యంత్రంలో రెండు విధాలైన వ్రాత ఉంటుంది. మనం కార్డులో పెట్టుకొనే పాటలు, చిత్రాలు, ఆటలు పలకమీది వ్రాత వంటివి. చెరిపివేయవచ్చు, మరల వ్రాయవచ్చు. యంత్రం మేలుకొన్నప్పుడు తెరను వెలిగించడం, మీటలను గుర్తించడం, కార్డును చదవడం నేర్పే వ్రాత వేరొకటి. అది యంత్రపు లోపలి ఫ్లాష్ జ్ఞాపకంలో ఉంటుంది. దానినే ఫర్మ్‌వేర్ అంటారు. పి.ఎస్.పి. మొదటి నమూనాలో ఈ లోపలి జ్ఞాపకం 32 మెగాబైట్లు, తరువాతి నమూనాలలో 64. ఇది కూడ మార్చదగినదే. అయితే మారుస్తున్న మధ్యలో పని ఆగిపోతే, తనను తాను ఎట్లు మేలుకొలుపుకోవలెనో యంత్రానికి తెలియకుండా పోతుంది. అప్పుడు అది చేతిలో పట్టుకొన్న ఇటుకతో సమానం. ఆ విద్య తెలిసినవారు కూడ ‘ఇటుక అయినది’ అనే అంటారు.

సోనీ సంస్థ ఈ యంత్రాన్ని 2004 డిసెంబరు 12న జపానులోను, 2005 మార్చిలో అమెరికాలోను విడుదల చేసినది. తాను ముద్ర వేసిన కార్యక్రమాలను మాత్రమే యంత్రం నడపవలెనని సంస్థ సంకల్పం. జపానులో వెలువడిన 1.00 ఫర్మ్‌వేర్‌లో ఆ కాపలా దాదాపు లేకపోయినది. 1.50లో ఉన్న కాపలాను 2005లోనే కొందరు దాటినారు. సంస్థ తలుపు మూయడం, వీరు కిటికీ వెదకడం – ఆ పిమ్మటి పదేండ్ల చరిత్ర అంతా ఇదే. 2005 సెప్టెంబరులో 2.00 ఫర్మ్‌వేర్‌కు దొరికిన కిటికీ ఒక ఫోటో! టిఫ్ అనే రకపు చిత్రాన్ని చదివే భాగంలో ఒక లోపం ఉన్నది. సోలెడు పట్టే పాత్రలో శేరు గింజలు పోస్తే మిగిలినవి ప్రక్కనున్న పాత్రలో పడతవి కదా. అట్లే పరిమితికి మించి కట్టిన చిత్రాన్ని తెరిపిస్తే, మిగిలిన అక్షరాలు ఆజ్ఞలుండే చోట పడి, యంత్రం వాటినే ఆజ్ఞలుగా పాటించినది.

2006 అక్టోబరులో డార్క్ అలెక్స్ అనే మారుపేరు గల స్పెయిన్ దేశపు ప్రోగ్రామరు 2.71 ఎస్.ఇ. అనే దానిని వెలువరించినాడు. సంస్థవారి ఫర్మ్‌వేర్‌నే తీసుకొని, దానిలోని సౌకర్యాలను ఉంచి, కాపలాను మాత్రం సడలించిన కూర్పు అది. ఇటువంటి దానికే కస్టమ్ ఫర్మ్‌వేర్ అని పేరు. తరువాత ఓ.ఇ., ఎం33 అనే వరుసలు వచ్చినవి. 2008లో వెలువడిన 5.00 ఎం33 ఆ కాలపు యంత్రాలలో ఎంతగా పాతుకొన్నదంటే, నేటికిని పెట్టెలోనుండి బయటపడే పాత పి.ఎస్.పి.లలో అది కనబడుతూనే ఉన్నది. మన విద్యార్థి యంత్రంలో ఉన్నదీ అదే.

ఇక నా కథ చెప్పవలె. 2009లో నేను డిగ్రీ చదువుతూ ఉండగా మా భాయిజాన్ కువైట్ నుండి వాడిన పి.ఎస్.పి. ఒకటి తెచ్చినాడు. అందులో 3.90 ఎం33 ఉన్నది. ఇంటర్నెట్ కేంద్రంలో గంటల లెక్కన డబ్బు కట్టి 5.00 ఎం33ను దింపుకొని, ఒక సాయంకాలం ఇంట్లో ఎక్కించడం మొదలుపెట్టినాను. బ్యాటరీ ఎనభై శాతం చూపుతున్నది. అది పాత బ్యాటరీ అనిగాని, తెరమీది అంకె దాని నిజమైన బలాన్ని తెలుపదనిగాని నాకు తెలియదు. పని సగంలో ఉండగా కరెంటు పోయినది. ఆ రోజులలో పత్తికొండలో కరెంటు పోవడం వార్త కాదు. అడాప్టరు ఆధారం తప్పగానే ఆ ఎనభై శాతం ఒక్క నిమిషం కూడ నిలువలేదు. తిరిగి వెలిగించినప్పుడు ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. తెర నల్లగా ఉంటుంది. కొన్ని క్షణాలకు దీపమూ ఆరిపోతుంది. అంతే.

హైదరాబాదులో ఒక దుకాణంవారు దానిని బ్రతికించినారు. పద్ధతి ముచ్చటైనది. పి.ఎస్.పి. బ్యాటరీలో చిన్న జ్ఞాపకపు తునక ఒకటి ఉండి, దానిలో ఒక వరుససంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను ఒక ప్రత్యేకమైన విలువకు మార్చితే, యంత్రం తన లోపలి ఫర్మ్‌వేర్‌ను చూడక, మరమ్మతుకు వచ్చినాననుకొని నేరుగా కార్డునుండి మేలుకొంటుంది. సంస్థవారి మరమ్మతు కేంద్రాలకై ఉంచిన ఈ దారిని 2007 ఆగస్టులో బయటివారు వెల్లడించినారు. దానికి పండోరా బ్యాటరీ అని పేరు. దానితోబాటు వాడే కార్డులో డార్క్ అలెక్స్ కూర్చిన ఉపకరణం ఉంటుంది. దాని స్పానిష్ పేరుకు ‘శ్మశానపు మేలుకొలుపు’ అని అర్థం. పేరు పెట్టినవాడికి హాస్యం తెలుసు.

అయితే ఆ కార్డును సిద్ధం చేయడానికి ముందు దానిలో ఉన్నదంతా చెరిపివేయవలె. దుకాణంలోని అబ్బాయి నన్ను అడిగినాడు కూడ: “భాయ్, కార్డులో ఏమైనా ఉన్నదా?” యంత్రం బ్రతుకుతుందన్న ఆత్రంలో “ఆటలే” అన్నాను. తిరుగు ప్రయాణంలో బస్సు జడ్చర్ల దాటిన తరువాత గుర్తుకు వచ్చినది. మా నానీమా ఫోటోలు నాలుగు, భాయిజాన్ తన మొబైల్‌తో తీసినవి, ఆ కార్డులోనే ఉండినవి. ఆ మొబైల్ అప్పటికే పోయినది. మా నానీమా ఫోటో తీయించుకొనే మనిషి కాదు. ఇంట్లో వేరొకటి లేదు. దుకాణంవారి తప్పు ఏమీ లేదు. అడిగినారు, నేను చెప్పలేదు.

అందుచేత మన విద్యార్థికి నేను చెప్పిన మొదటి మాట ఫర్మ్‌వేర్‌ను గురించి కాదు. కార్డులో ఉన్నదంతా ముందు కంప్యూటరులోకి ఎత్తుకోవలె. యు.ఎస్.బి. తీగతో కలిపితే కార్డు ఒక సంచివలె తెరచుకొంటుంది. పి.ఎస్.పి. అనే అరలో సేవ్‌డేటా, గేమ్ అనే ఉప అరలు. విడిగా పిక్చర్, మ్యూజిక్, వీడియో, ఐ.ఎస్.ఓ. అనేవి. ఏది ముఖ్యమో ఏది కాదో అప్పుడు నిర్ణయించరాదు, మొత్తం ఎత్తవలె. ఎత్తిన పిమ్మట కంప్యూటరులో ఆ ఫోటోలను తెరచి చూడవలె. పేరు కనబడినంత మాత్రాన ఫైలు బాగున్నదని కాదు. కడపలో బ్రౌను దొర ఒకే గ్రంథానికి అనేక ప్రతులు సేకరించి, పండితులచేత పోల్చి చూపించి శుద్ధప్రతులు వ్రాయించినాడని మనం చదువుకొంటాము. శుద్ధప్రతి సిద్ధమైనదని పాత తాటాకులను ఆయన పొయ్యిలో పెట్టించలేదు. ఫర్మ్‌వేర్ మార్చేవాడికి ఇంతకంటె గొప్ప శాస్త్రం అవసరం లేదు.

రెండవది, ఉన్నదేమో తెలుసుకోవడం. సెట్టింగ్స్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, అందులో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే సంఖ్య కనబడుతుంది. వీని యంత్రంలో ‘5.00 ఎం33-6’ అని ఉన్నది. ఇక్కడ ఒక మెళకువ. కొందరు ఆ రోజులలో ఈ సంఖ్యను కావాలని మార్చి, లేని పెద్ద సంఖ్యను పెట్టేవారు. ఆట డిస్కు తనతో తెచ్చే సంస్థవారి నవీకరణ పొరపాటున ఎక్కి కస్టమ్ ఫర్మ్‌వేర్‌ను తుడిచిపెట్టకుండ ఆ ఏర్పాటు. అటువంటి యంత్రంలో నిజమైన నవీకరణ కూడ ‘నాకు ఇప్పటికే ఇంతకంటె కొత్తది ఉన్నది’ అని నిరాకరింపబడుతుంది. కనుక సంఖ్యను చూచినంతనే నమ్మరాదు. నమూనా ఏదో కూడ చూడవలె. బ్యాటరీ తీస్తే ఆ అరలో అంటించిన చీటీమీద ఉంటుంది. 1000, 2000, 3000 నమూనాలలో మూడవది మొదటి రెండింటివంటిది కాదు. పండోరా బ్యాటరీ 3000లో పనిచేయదు. 2000లో కూడ చివరిదశలో వచ్చిన కొన్ని పలకలలో పనిచేయదు. అనగా అవి ఇటుకలైతే ‘శ్మశానపు మేలుకొలుపు’ లేదు. వీనిది 2000.

అసలు మార్చవలసిన అవసరమేమి అని ఎవరైనా అడుగవచ్చు, అడుగవలసినదే. 5.00 ఎం33 తరువాత వచ్చిన ఆటలను సంస్థ కొత్త తాళాలతో విడుదల చేసినది; ఆ తాళపుచెవులు పాత ఫర్మ్‌వేర్‌లో లేవు. డబ్బిచ్చి కొన్న డిస్కు అయినా ముందుకు నడవదు. ఔత్సాహికులు ఇటీవల వ్రాస్తున్న చిన్న కార్యక్రమాలు కూడ ఎక్కువగా 6.60, 6.61 లను ఆధారంగా చేసుకొన్నవే. సంస్థ 2011లో 6.60ను, 2015 జనవరిలో 6.61ను ఇచ్చి అంతటితో ఆగినది. యంత్రాల విడుదల 2014లోనే నిలిచిపోయినది. ఒకసారి 6.61కు చేరితే ఇక వెంటబడి మార్చుకోవలసిన పని లేదు. అయితే పోయేదీ ఉన్నది. మొదటి నమూనాలో 1.50 కాలపు కార్యక్రమాలను నడిపే అదనపు ఏర్పాటు ఒకటి ఎం33లో ఉండేది. కొత్తదానిలో అది లేదు. ఆ పాత కార్యక్రమాలే ఇష్టమైనవాడు మారకపోవడమే మేలు. కొత్తది కనుక మంచిదే అనే వాదం నాకు సమ్మతం కాదు.

మూడవది బ్యాటరీ. ఇక్కడే మాకు నెలరోజులు పట్టినవి. వీని యంత్రపు బ్యాటరీ ఉబ్బి, వెనుక మూత సరిగా పడడం లేదు. ఉబ్బిన లిథియం బ్యాటరీని గుచ్చరాదు, నొక్కి కూర్చోబెట్టరాదు, చెత్తలో కలిపి కాల్చరాదు. దానిని తీసివేసి అడాప్టరుతోనే పని కానిద్దామంటే సంస్థవారి నవీకరణ ఒప్పుకోదు. చార్జి ఉన్న బ్యాటరీ, అడాప్టరు రెండూ ఉండవలె. కర్నూలులో విచారిస్తే దొరకలేదు. చివరకు పోస్టులో తెప్పించినాము. వచ్చినదానిని వెంటనే నమ్మక, పూర్తిగా చార్జి చేసి, అడాప్టరు తీసి, రెండు గంటలు పాటలు పాడించి చూచినాము. 2009లో నేను చేయని పరీక్ష ఇదే.

నాల్గవది, ఫైళ్ళు ఎక్కడివి అనేది. తొలకరి వానకు జొన్నగిరి, తుగ్గలి పొలాలలో వజ్రాలు వెదికేవారిని మనం ఏటా చూస్తాము. మెరిసే రాళ్ళన్నీ ఏరుతారు, తెలిసినవాడు మాత్రం వాటిని ప్రక్కకు నెట్టివేస్తాడు. ఈ ఫైళ్ళ సంగతీ అంతే. 2005 అక్టోబరులో పాత ఫర్మ్‌వేర్‌కు దించే ఉపకరణమని చెప్పి ఒక ఫైలును పంచిపెట్టినారు. నడిపినవారి యంత్రాలలోని ముఖ్యమైన ఫైళ్ళను అది చెరిపివేసినది, అవి ఇటుకలైనవి. పి.ఎస్.పి.ని చంపడానికే వ్రాసిన ట్రోజను అది. ఫైలుతోబాటు దాని కర్తలు ఇచ్చే చెక్‌సమ్ అనే పొడవైన సంఖ్యను మన కంప్యూటరులో లెక్కించి పోల్చవలె. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫైలు పారవేయవలసినదే. దింపుకోవడంలో తెగిపోయిన ఫైలు కూడ దీనివల్ల పట్టుబడుతుంది.

ఇక పని. ఎం33 కాలపు ప్లగిన్‌లు కొత్త ఫర్మ్‌వేర్‌లో యంత్రాన్ని మేలుకోనీయకుండ అడ్డుపడతవి; కనుక కార్డులో సెప్లగిన్స్ అనే అర పేరును ముందుగా మార్చివేసినాము. 6.61 ఫైలును ఈబూట్ అనే పేరుతో గేమ్ అరలోని అప్‌డేట్ అనే ఉప అరలో పెట్టినాము. యంత్రంలో గేమ్ వరుసలోని మెమరీ స్టిక్ నుండి దానిని నడిపించినాము. సుమారు పది నిమిషాలు. ఆ సమయంలో మీటలను తాకరాదు. విద్యార్థి చేతులు వెనుకకు కట్టుకొని నిలబడినాడు. నేను పరీక్షహాలులో వలె గడియారం చూస్తూ కూర్చొన్నాను.

అది పూర్తికాగానే ఎం33 పోయి, సంస్థవారి శుద్ధమైన 6.61 మిగిలినది. దానిమీద ప్రో అనే కస్టమ్ ఫర్మ్‌వేర్‌ను ఎక్కించినాము. ఇది ఎం33 వంటిది కాదు. యంత్రాన్ని నిద్రపుచ్చితే నిలుస్తుంది, పూర్తిగా ఆర్పితే తొలగిపోతుంది. ఫాస్ట్ రికవరీ అనే చిన్న కార్యక్రమంతో మరల పిలువవలె. కొత్తవారు ఇక్కడ ‘ఎక్కించినది పోయినది’ అని కంగారుపడి, మొదటినుండి మరల మొదలుపెడతారు. ఆ కంగారు అక్కరలేదు. దానిని స్థిరం చేయడానికి సి.ఐ.పి.ఎల్. ఫ్లాషరు అనేది ఉన్నది. అది 1000కి, 2000లోని పాత పలకలకు మాత్రమే, అదికూడ తగిన కూర్పు చూచుకొని. తరువాతి కాలంలో వచ్చిన ఇన్ఫినిటీ అనేది 3000 తో సహా అన్ని నమూనాలకు పనికివస్తుంది. ప్రోకు బదులు ఇటీవలి ఆర్క్-4ను ఎక్కించేవారూ ఉన్నారు. మేము మాత్రం స్థిరం చేయలేదు. లోపలి జ్ఞాపకాన్ని మరొకసారి వ్రాయించే సాహసం ఆ యంత్రం విషయంలో నాకు కలుగలేదు. రోజుకొకసారి ఫాస్ట్ రికవరీ నొక్కితే పోయేదేమున్నది?

కళాశాల కమిటీ పెద్దలు ఈ వ్యాసాన్ని చదివి, ‘ఉపన్యాసకుడు దొంగ ఆటలు నేర్పుతున్నాడా’ అని అనుకోకుండ ఒక మాట. కొనని ఆటను దింపుకొని ఆడడం దొంగతనమే. కస్టమ్ ఫర్మ్‌వేర్ దానికి దారి ఇస్తుందన్నదీ నిజమే. 2012లో మన 1957 నాటి కాపీరైట్ చట్టానికి 65ఎ అనే సెక్షను చేరినది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇటువంటి సాంకేతిక కాపలాను ఛేదిస్తే రెండేండ్లదాకా ఖైదు, జరిమానా కూడ. అదే చట్టం 52వ సెక్షనులో, న్యాయంగా తనదైన కంప్యూటరు కార్యక్రమం పోకుండ, చెడకుండ రక్షణకై ప్రతి తీసుకోవడాన్ని అనుమతిస్తున్నది. ఉద్దేశం అనే మాట దగ్గర విద్యార్థి నిలబడి ఆలోచించుకోవలె. మన విద్యార్థి కార్డులో ఉన్న ఆటలలో డిస్కు చేతిలో ఉన్నవి రెండే. మిగిలినవాటిని ఏమి చేస్తావని అడిగినాను. సమాధానం చెప్పలేదు. మరునాడు కార్డు చూపించినాడు, రెండే ఉన్నవి.

పని పూర్తయిన తరువాత యంత్రం మొదట అడిగినది తేదీ. బ్యాటరీ లేకుండ ఎన్నాళ్ళో ఉండడంవల్ల గడియారం మరచిపోయినది. తేదీ పెట్టి, ఫోటో వరుస తెరచినాడు. కువైట్‌లో ఏదో రోడ్డుప్రక్కన, తెల్లని వ్యానుకు ఆనుకొని, ఎండకు కళ్ళు చికిలించి నవ్వుతున్న మనిషి. పదకొండు ఫోటోలు. ముందు ఎత్తుకొన్న ప్రతిలో ఉన్నవీ పదకొండే, ఒకటొకటిగా లెక్కపెట్టినాము.

ఆ ప్రతి ఒకటి వాళ్ళ అక్క కంప్యూటరులో ఉన్నది. మరొకటి మా ఇంట్లో ఉన్నది. తీసివేయమని వాడు ఇంతవరకు చెప్పలేదు, నేనూ అడుగలేదు.